కరెంటు తీగలో ఇంటర్నెట్: ఏ గదికి అందుతుంది, ఏ గదికి అందదు

త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో అప్పుడప్పుడు ఒక ఫేజు పోతుంది. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వంటింట్లో మాత్రం చీకటి. మేడ మీద ఒక గదిలో లైటు వెలుగుతుంది, పక్క గదిలో వెలగదు. "మొత్తం పోలేదు, ఒక్క ఫేజే పోయింది" అనుకుని లైన్‌మన్‌కు ఫోన్ చేసి, కరెంటు ఉన్న గదిలోకి చేరి కూర్చుంటాం. ఏ గదికి కరెంటు ఏ దారిన వస్తోందో ఆ కాసేపట్లో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. అయినా ఎవరూ పట్టించుకోరు. కరెంటు తీగల మీదుగా ఇంటర్నెట్‌ను ఒక గది నుంచి ఇంకో గదికి పంపాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు.

ఇది నాకు మా అక్కవాళ్ల ఇంట్లో తెలిసింది. వాళ్ల ఇల్లు హనుమకొండలో, నయీంనగర్ వైపు. కింద హాలు, వంటిల్లు, రెండు గదులు ముందు కట్టుకున్నారు. బావ రిటైరయ్యాక పైన ఇంకో రెండు గదులు వేశారు. ఫైబర్ వైరు వీధి స్తంభం నుంచి హాలు కిటికీ గుండా లోపలికి వస్తుంది కాబట్టి, రౌటర్‌ను కూడా ఆ కిటికీ పక్కనే టీవీ దగ్గర బిగించి వెళ్లారు. మా మేనకోడలు చదువుకునేదేమో పైన, వెనక గదిలో. బ్యాంకు పరీక్షలకు ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. హాల్లో 100 ఎంబీపీఎస్ ప్లాను దాదాపు పూర్తిగా వస్తుంది. పై గదిలో మూడో నాలుగో వస్తుంది, అదీ ఆగి ఆగి. "మామా, సారు సగం లెక్క చేసి అట్లనే నిలబడిపోయిండు చూడు" అని ఫోను నా ముందు పెట్టింది. తెర మీద ఆయన చెయ్యి గాల్లోనే ఉంది, కింద చిన్న చక్రం తిరుగుతోంది.

వైఫై అక్కడికి ఎందుకు చేరడం లేదో ఆ ఇంటిని చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండున్నాయి, ఆపైన ఇనుప చువ్వలతో పోసిన స్లాబు ఉంది. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్‌వి సమాచారాన్ని ఎక్కువ వేగంతో మోస్తాయి కానీ గోడలకు త్వరగా నీరసిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌వి ఇంకొంచెం దూరం పోతాయి కానీ ఆ బాటలో చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ కిక్కిరిసి ఉంటాయి. అక్కవాళ్లు అప్పటికే మెట్ల దగ్గర ఒక రిపీటర్ పెట్టించారు. అది తనకు అందిన సిగ్నల్‌నే తిరిగి అందిస్తుంది. అందిందే అరకొరగా ఉంటే పంచేది కూడా అంతే. పైగా ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్ ప్రతి ముక్కనూ ఒకసారి విని, మళ్లీ ఒకసారి పలకాలి. అందువల్ల స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది.

గోడలో నుంచి తరంగం పోకపోయినా, ఆ గోడలోనే ఒక రాగి తీగ ముందే ఉంది కదా, దాన్నే వాడుకుందామన్న ఆలోచన నుంచి పుట్టింది పవర్‌లైన్ అడాప్టర్. చూడటానికి కాస్త లావుపాటి మొబైల్ చార్జర్‌లా ఉంటుంది. జతగా అమ్ముతారు. ఒకటి రౌటర్ దగ్గర ప్లగ్గులో పెట్టి, రౌటర్ నుంచి చిన్న ల్యాన్ కేబుల్‌ను దానికి కలపాలి. రెండోది పై గదిలో ప్లగ్గులో పెట్టి, దాని నుంచి కంప్యూటర్‌కు ల్యాన్ కేబుల్ ఇవ్వాలి. కొన్ని రకాల్లో రెండోది తానే వైఫై కూడా ఇస్తుంది. కొత్తగా వైరు లాగే పని లేదు, గోడకు రంధ్రం కొట్టే పని లేదు.

230 వోల్టుల కరెంటు పోయే తీగలో ఇంటర్నెట్ ఎలా పోతుంది, రెండూ కలిసిపోవా అని బావ అడిగాడు. సరైన ప్రశ్నే. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అడాప్టర్ పంపే సిగ్నల్ సెకనుకు సుమారు 20 లక్షల నుంచి రెండు కోట్ల 80 లక్షల సార్లు ఊగుతుంది. కొత్త తరం పరికరాల్లో ఇది ఎనిమిది కోట్ల 60 లక్షల దాకా వెళుతుంది. ఈ రెండు ఊపుల మధ్య తేడా ఎంత పెద్దదంటే, అడాప్టర్‌లో ఉండే ఒక చిన్న కెపాసిటర్ నెమ్మదైన కరెంటును గడప బయటే ఆపేసి, వేగమైన సిగ్నల్‌ను మాత్రం లోపలికి రానిస్తుంది. తీగ ఒకటే, ప్రయాణాలు రెండు.

ఈ ఆలోచన ఇళ్ల కోసం కొత్తగా పుట్టింది కాదు. 132 కేవీ, 220 కేవీ సబ్‌స్టేషన్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు గమనించండి. పెద్ద లైను లోపలికి దిగేచోట కొన్నిటి మీద డ్రమ్ములాంటి తీగచుట్ట ఒకటి కనిపిస్తుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. ఒక సబ్‌స్టేషన్ వాళ్లు ఇంకో సబ్‌స్టేషన్‌తో మాట్లాడే మాటల్ని, సంకేతాల్ని కరెంటు లైను మీదే పంపే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ సంకేతం సబ్‌స్టేషన్ లోపలి యంత్రాల్లోకి పోయి వృథా కాకుండా ఆ చుట్ట అడ్డుకుంటుంది. ఈ వేవ్ ట్రాప్‌ను గుర్తుంచుకోండి, మన ఇంట్లో కూడా దాని చిన్న తమ్ముడు ఒకడున్నాడు.

ఇళ్లకు పనికొచ్చే మొదటి ప్రమాణం హోమ్‌ప్లగ్ 1.0. అది 2001లో 14 ఎంబీపీఎస్‌తో వచ్చింది. 2005 నాటి హోమ్‌ప్లగ్ ఏవీ దాన్ని 200కు తీసుకెళ్లింది. ఆ తర్వాత ఏవీ2 వచ్చింది. దీనికి పోటీగా జీ.హెచ్‌ఎన్ అనే ఇంకో ప్రమాణం కూడా ఉంది. ఈ రెండు కుటుంబాలకూ ఒకరి భాష ఇంకొకరికి రాదు. అందుకే పాత అడాప్టర్ ఒకటి ఇంట్లో ఉందని, దానికి జతగా వేరే రకంది ఒక్కటే కొంటే రెండూ కలవకపోవచ్చు.

డబ్బా మీద వేసే అంకెల గురించి గట్టిగానే చెప్పాలి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. 600 అని రాసి ఉంటే 600 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. తీగ మీద ఏ అడ్డూ లేకుండా, వేరే పరికరాల నుంచి ఎక్కే విద్యుత్ రొద ఏదీ లేకుండా ఉంటే అడాప్టర్లు రెండూ తమలో తాము మాట్లాడుకోగల గరిష్ఠ వేగం అది. అలాంటి తీగ ఏ ఇంట్లోనూ ఉండదు. పైగా ఒకే తీగ మీద రానూపోనూ రెండూ వంతులవారీగా జరగాలి. కాబట్టి చేతికి వచ్చేది అందులో చిన్న భాగమే. ఇంకో సంగతి, 500, 600 అని రాసిన అడాప్టర్లు చాలావాటికి ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. తీగ ఎంత బాగున్నా ఆ పోర్టు దాటి 100 కన్నా ఎక్కువ రాదు. కొనేముందు పెద్ద అంకెను వదిలేసి, పోర్టు గిగాబిట్‌దా కాదా అన్నది చూడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. అక్కవాళ్ల ఇంట్లో మొదటి రోజు పెట్టి చూస్తే పై గదిలో ఆరు ఎంబీపీఎస్ వచ్చింది. వైఫై కన్నా రెండే ఎక్కువ. "దీనికోసం అన్ని పైసలు పెట్టినవా తమ్మీ" అని అక్క అనలేదు కానీ ముఖంలో కనిపించింది. నాకూ టెన్షనే. అడాప్టర్ పాడైందేమోనని రెండింటినీ హాల్లోనే పక్కపక్క గోడలకు పెట్టి చూశాను. తొంభై దాటింది. అంటే పరికరాల్లో లోపం లేదు, దారిలో ఉంది.

హాల్లోని ప్లగ్గు నుంచి పై గది ప్లగ్గుకు తీగ నేరుగా పోదు. మనం మేడ మెట్లెక్కి పది అడుగుల్లో పైకి చేరతాం. సిగ్నల్ మాత్రం హాలు స్విచ్ బోర్డు నుంచి గోడలో ఉన్న పైపు గుండా మెయిన్ బోర్డు దాకా వెళ్లాలి, అక్కడ ఒక ఎంసీబీలోంచి (బోర్డులోని చిన్న బ్రేకర్ స్విచ్‌లోంచి) బయటికొచ్చి ఇంకో ఎంసీబీలోకి దూరాలి, మళ్లీ పైకెక్కాలి. గదుల మధ్య దూరం పది అడుగులే అయినా తీగ దూరం ముప్పై నలభై మీటర్లు కావచ్చు. దారి పొడవునా ప్రతి స్విచ్ బోర్డు దగ్గర కొమ్మలు చీలతాయి. ఖాళీగా ఉన్న ప్రతి కొమ్మ చివర సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరిగొచ్చి, వెనక వచ్చే సిగ్నల్‌తో కలగలిసిపోతుంది. అడాప్టర్లు దీన్ని తట్టుకోవడానికే సమాచారాన్ని వెయ్యికి పైగా సన్నటి పాయలుగా విడగొట్టి పంపుతాయి. ఏ పాయ ఎంత బాగా పోతోందో ఎప్పటికప్పుడు కొలుచుకుని, బాగున్నదాని మీద ఎక్కువ బరువు, దెబ్బతిన్నదాని మీద తక్కువ బరువు వేస్తాయి. తెలివైన పనే. కానీ దారే తెగిపోతే తెలివి ఏం చేస్తుంది?

మన ఇళ్లలో దారి తెగేది ముఖ్యంగా మూడు చోట్ల. పరికరంతో వచ్చే చిన్న పుస్తకంలో వీటి గురించి సరిగ్గా ఉండదు. అది మన ఇళ్లను చూసి రాసింది కాదు కదా.

ఒకటి ఫేజు. త్రీ ఫేజ్ ఇంట్లో కొన్ని గదులు ఒక ఫేజు మీద, కొన్ని ఇంకో ఫేజు మీద ఉంటాయి. ఒక ఫేజు తీగకూ ఇంకో ఫేజు తీగకూ ఇంటి లోపల నేరుగా సంబంధం ఉండదు. మెయిన్ బోర్డు దగ్గర తీగలు పక్కపక్కనే పడి ఉండటం వల్ల సిగ్నల్ కొంత అటు నుంచి ఇటు దూకుతుంది, న్యూట్రల్ ఉమ్మడిదే కావడం కూడా కొంత కలిసొస్తుంది. అయినా చేరేది బలహీనంగానే చేరుతుంది. మాకు వచ్చిన ఆరు ఎంబీపీఎస్ ఇదే.

రెండోది ఇన్వర్టర్, మన దగ్గర ఇదే పెద్ద చిక్కు. కరెంటు పోయినా ఫ్యాన్లు, లైట్లు, కొన్ని ప్లగ్గులు పనిచేయాలని వాటి లైనును ఇన్వర్టర్‌లోంచి తీసుకుంటాం. కరెంటు ఉన్నంతసేపు ఇన్వర్టర్ దాన్ని తనలోంచి అలాగే పోనిస్తుంది కాబట్టి అంతా ఒకే లైను అనిపిస్తుంది. కానీ లోపలి ఫిల్టర్లను, లైను మార్చే స్విచ్ అయిన రిలేను దాటేసరికి సిగ్నల్ నలిగిపోతుంది. కరెంటు పోయిన క్షణంలో రిలే ఆ రెండు లైన్లనూ వేరు చేసేస్తుంది. రౌటర్ దగ్గరి అడాప్టర్ ఇన్వర్టర్ లైను మీద, పై గదిది మామూలు లైను మీద ఉంటే కరెంటు పోగానే ఇంటర్నెట్ కూడా పోతుంది. రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉంటే కరెంటు లేనప్పుడూ క్లాసు ఆగదు. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ అయితే బ్యాటరీ మీద నడిచేటప్పుడు రొద ఎక్కువ, స్పీడు తగ్గొచ్చు. సైన్ వేవ్ రకం నయం.

మూడోది మీటరు. పై వాటా అద్దెకిచ్చి దానికి వేరే మీటరు పెట్టించి ఉంటే, సిగ్నల్ ఒక మీటరు దాటి బయటికెళ్లి ఇంకో మీటరు దాటి లోపలికి రావాలి. రెండు మీటర్లూ వేర్వేరు ఫేజుల మీద ఉండటం కూడా మామూలే. అలాంటి ఇంటికి నేనైతే పవర్‌లైన్ కొనమని చెప్పను.

రెండో రోజు మధ్యాహ్నం మేనకోడలు, నేను కలిసి ఇంటి పటం గీశాం. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి గదులన్నీ గీసింది. నేను మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఒక్కో ఎంసీబీ దించుతుంటే, తను ఫోను చార్జర్ పట్టుకుని గదిగదీ తిరిగింది. ఏ ప్లగ్గులో చార్జింగ్ గుర్తు ఆరిపోయిందో అక్కడ ఆ ఎంసీబీ నంబరు వేసింది. తర్వాత మెయిన్ దించేశాం. అయినా చార్జింగ్ ఎక్కుతున్న ప్లగ్గులన్నీ ఇన్వర్టర్‌వని తేలింది, వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. ఏ గది ఏ ఫేజో చెప్పడానికి మాత్రం మాకు కరెంటు మనిషి అవసరమే రాలేదు. అక్కకు నోటికొచ్చు. "ఫేజు పోయినప్పుడల్లా వంటిల్లు, వెనక గది, పైన బాల్కనీ గది ఒక్కసారే పోతయి" అంది. ఏళ్ల తరబడి చీకట్లో వంట చేసిన మనిషి మాట అది. బోర్డు మూత తీసి తీగలు వెతికే పని మాత్రం ఇంట్లోవాళ్లు చేయకూడదు, అది ఎలక్ట్రీషియన్ పని.

ఆ కాగితం చూస్తే విషయం విడిపోయింది. రౌటర్ దగ్గర మేం వాడిన ప్లగ్గు ఒక ఫేజు మీద ఉంది. పై వెనక గదిలో మంచం పక్కన వాడిన ప్లగ్గు వేరే ఫేజుది. అదే గదిలో తలుపు దగ్గరి స్విచ్ బోర్డు మీదున్న ప్లగ్గు మాత్రం ఇన్వర్టర్ లైను. హాల్లో రౌటర్ వెనకే ఇంకో ఇన్వర్టర్ ప్లగ్గు ఖాళీగా ఉంది. రెండు అడాప్టర్లనూ వాటిలోకి మార్చాం. ఆరు కాస్తా నలభై ఎనిమిదయింది. రూపాయి ఖర్చు లేదు, గోడలో తీగ మారలేదు, ప్లగ్గులు రెండు మారాయంతే.

అలా రెండు రోజులు బాగా నడిచి, మూడో రోజు పొద్దున మళ్లీ క్లాసు ఆగింది. కిందికొచ్చి చూస్తే అక్క మిక్సీలో పల్లీ చట్నీ వేస్తోంది. మిక్సీ మోటరులో బ్రష్షులు తిరిగే భాగానికి రాసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తాయి. ఆ రవ్వల రొద తీగలోకి ఎక్కుతుంది. అది రెండు నిమిషాల బాధ, ఓర్చుకోవచ్చు. రోజంతా సతాయించేవి వేరే ఉన్నాయి. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో కొన్ని కరెంటును సెకనుకు వందసార్లు కత్తిరిస్తాయి. చవక ఎల్‌ఈడీ బల్బులు, పేరు తెలియని మొబైల్ చార్జర్లు రొద చేస్తాయి. కొన్ని పరికరాలు రొద చేయకుండానే హాని చేస్తాయి. వాటి లోపలి కెపాసిటర్ మన సిగ్నల్‌ను మింగేస్తుంది. దొంగను పట్టడానికి ఒకటే మార్గం, స్పీడు చూసుకుంటూ ఒక్కొక్కటే ప్లగ్గులోంచి తీసేయడం. మాకు దొరికింది పై గదిలోనే అడాప్టర్ పక్కన పెట్టిన చార్జర్. దాన్ని మంచం వైపు ప్లగ్గుకు మార్చేశాం.

వేవ్ ట్రాప్ చిన్న తమ్ముడి సంగతి ఇప్పుడు చెప్పాలి. స్పైక్ గార్డ్ అని అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సులో వేగమైన ఊపులను ఆపే ఫిల్టర్ ఉంటుంది. కంప్యూటర్‌ను కాపాడటానికి అది మంచిదే. కానీ మన ఇంటర్నెట్ సిగ్నల్ కూడా వేగమైన ఊపే కాబట్టి దాన్నీ అడ్డుకుంటుంది. అందుకే అడాప్టర్‌ను ఎప్పుడూ గోడలోని ప్లగ్గులోనే నేరుగా పెట్టాలి. ముందువైపు ఇంకో ప్లగ్గు ఉండే అడాప్టర్లు దొరికితే మంచిది. టీవీ, చార్జర్ లాంటివి దానిలోంచి తీసుకుంటే అక్కడి ఫిల్టర్ వాటి రొదను తీగలోకి రానివ్వదు. విదేశీ పిన్నులతో వచ్చే అడాప్టర్లకు కన్వర్టర్ పెట్టాల్సి వస్తుంది. అది వదులుగా ఊగితే స్పీడూ పోతుంది, ప్లగ్గు కూడా వేడెక్కి కాలుతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గులో గట్టిగా కూర్చునేదే తీసుకోండి.

మూడో పిన్ను గురించి ఒక మాట. ఏవీ2 రకాల్లో కొన్ని ఫేజు, న్యూట్రల్‌తో పాటు ఎర్తింగ్ తీగను కూడా రెండో దారిగా వాడుకుని వేగం పెంచుకుంటాయి. ప్లగ్గుకు మూడో రంధ్రం ఉండి, దాని వెనక ఎర్తింగ్ తీగే కలపని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో అంత ఖరీదైన అడాప్టర్ కొన్నా ఆ లాభం రాదు. స్పీడు సంగతి అటుంచి, ఎర్తింగ్ అనేది ప్రాణాలకు సంబంధించింది. గీజరు, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఎర్తింగ్ లేదని తెలిస్తే అడాప్టర్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ పని చేయించండి. ఎర్తింగ్ గుంత ఉన్నవాళ్లు ఎండాకాలంలో దానిలో నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

బావ అడిగిన ఇంకో ప్రశ్న, పక్కింటివాళ్లు మన ఇంటర్నెట్ వాడుకోగలరా అని. మీటరు దాటితే సిగ్నల్ బలహీనపడుతుంది కానీ పూర్తిగా ఆగిపోతుందన్న హామీ లేదు. సమాచారం 128 బిట్ల ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ తాళంతోనే పోతుంది. అయితే హోమ్‌ప్లగ్ రకాలకు ఫ్యాక్టరీలో వేసే పాస్‌వర్డ్ అన్నిటికీ ఒకటే. కొన్నరోజే రెండింటి మీదా ఉండే పెయిర్ బటన్ ఒకదాని తర్వాత ఒకటి, రెండు నిమిషాల్లోపు నొక్కితే మన ఇంటికి మాత్రమే తెలిసిన కొత్త తాళం పడుతుంది. పెట్టగానే పనిచేసింది కదా అని చాలామంది ఈ బటన్ జోలికే పోరు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు అస్సలు వదలొద్దు.

ఇంత చెప్పాక కూడా, ఎవరైనా అడిగితే పవర్‌లైన్‌ను నేను మొదటి మందుగా చెప్పను. ముందు చేయాల్సింది రౌటర్‌ను కదపడం. వైరు కిటికీలోంచి వచ్చింది కాబట్టి రౌటర్ కిటికీ దగ్గరే ఉండాలన్న నియమం లేదు. ఫైబర్ వైరును మెట్ల దాకా పొడిగించి రౌటర్‌ను ఇంటి నడుమ పెడితే సగం ఇళ్లకు అదే చాలు. ఆ వైరును మడత పడేలా వంచకుండా తెలిసినవాళ్లతోనే చేయించాలి. రెండోది క్యాట్ 6 కేబుల్. పాత డిష్ కేబుల్ పైపు ఖాళీగా ఉంటే దానిలోంచి పైకి లాగొచ్చు. 100 మీటర్ల దాకా పూర్తి వేగం ఇస్తుంది, మిక్సీకి జడవదు, ఫేజులతో పని లేదు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దాన్ని ఎన్నడూ దూర్చకూడదు. తీగ పొర ఎక్కడైనా చెడితే 230 వోల్టులు కంప్యూటర్ దాకా వస్తాయి. అక్కవాళ్లు కేబుల్ వద్దన్నారు. పైపు మధ్యలో మూసుకుపోయింది, కొత్తగా రంగు వేసిన గోడ మీద వైరు కనబడటం అక్కకు ఇష్టం లేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకూ ఇదే ఇబ్బంది, ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వడు. పవర్‌లైన్ సరిగ్గా ఇలాంటివాళ్లకు. కొనేటప్పుడు తిరిగిచ్చే వీలున్న చోటే కొనండి, ఏ ఇంట్లో ఎంత వస్తుందో పెట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు.

క్యాలెండర్ కాగితాన్ని మేనకోడలు ప్లాస్టిక్ కవరులో పెట్టి మెయిన్ బోర్డు తలుపుకు లోపలివైపు అతికించింది. పోయిన నెల గీజరు బాగుచేయడానికి వచ్చిన కరెంటు మనిషి దాన్ని చూసి, ఏ ఎంసీబీ దించాలో అక్కను అడగకుండానే మూడో నంబరు దించి పని మొదలుపెట్టాడట.